కాగిన ఎసరు పారబోయకండి

అన్నం ఉడుకుతుండగా ఎసట్లో నీళ్లు చాలవనిపిస్తే మా అమ్మ చన్నీళ్లు పోసేది కాదు. పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో కాసిని వేణ్నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది, మళ్లీ కట్టెలు ఎగదొయ్యాలి. కాగిన ఎసరు తూములో పారబోసి, చన్నీళ్లతో మొదటినుంచీ మొదలుపెట్టే ఇల్లాలిని నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. ఫ్యాక్టరీల్లో మాత్రం ఆ పని రోజూ జరగడం చూశాను. కొంతకాలం నేనూ చేశాను.

నా మొదటి ఉద్యోగంలో బాయిలర్ హౌస్ వెనక ఒక సిమెంటు కాలువ ఉండేది. తెల్లవారుజామున పొగలు కక్కుతూ వేణ్నీళ్లు పారేవి. చలికాలంలో నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు దాని నీళ్లు బకెట్లో తోడి, చన్నీళ్లు కలుపుకుని కాళ్లూ చేతులూ కడుక్కునేవాళ్లు. నేనూ కడుక్కునేవాణ్ని. అలా రెండు చలికాలాలు గడిచాక, బొగ్గు వేసే పెద్దాయన ఒకరోజు పార పక్కన పెట్టి, "బాబూ, ఆ కాలవలో పోయేది మనం కాచిన నీళ్లే. ఇటు కాస్తున్నాం, అటు వదిలేస్తున్నాం" అన్నాడు.

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ని. స్టీమ్ టేబుల్స్ నా సొరుగులోనే ఉన్నాయి. అయినా ఆ కాలువ నాకు నష్టంగా కనిపించలేదు, చలికాలపు సుఖంగానే కనిపించింది. రోజూ కళ్లముందు ఉండేది కొన్నాళ్లకు కంటికి ఆనడం మానేస్తుంది. ఆవిరి పొదుపులో అసలు కష్టం అదే. కొత్త యంత్రాలు తర్వాత సంగతి. ముందు అలవాటుపడిపోయిన కళ్లని నిద్రలేపాలి. ఈ అధ్యాయంలో చెప్పే ప్రతి పనీ అందుకోసమే.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

ఒక కిలో నీటిని 30 డిగ్రీల సెంటీగ్రేడ్ నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీలు చాలు. 100 డిగ్రీల దగ్గర ఆ కిలో నీరంతా ఆవిరి కావాలంటే ఇంకో 540 కావాలి. అంతసేపూ థర్మామీటరు కదలదు, ఇంధనం మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. లోపల దాగి ఉంటుంది కాబట్టే దాన్ని గుప్తోష్ణం అన్నారు.

మన బాయిలర్లు చాలావరకు 7 కేజీల ప్రెషర్‌కి అటూఇటూగా నడుస్తాయి. అక్కడ ఆవిరి ఉష్ణోగ్రత 170 డిగ్రీలు. ఒక కిలో ఆవిరిలో ఉండే మొత్తం వేడి దాదాపు 660 కిలోకేలరీలు. అందులో గుప్తోష్ణం 490. రియాక్టర్ జాకెట్‌ని వేడిచేసేది, డ్రైయర్ కాయిల్‌లో గాలిని కాచేది ఈ 490 మాత్రమే. ఆ పని చేసి ఆవిరి నీరుగా మారినా, ఆ నీటిలో ఇంకా 170 మిగిలే ఉంటాయి. అంటే ఆవిరిలోని వేడిలో నాలుగోవంతు. ఆ నీటినే కండెన్సేట్ అంటాం. మా కాలువలో పోయింది అదే.

ఈ పొరపాటుని 260 ఏళ్ల కిందటే పట్టుకున్నారు

1763-64 చలికాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ చేతికి న్యూకొమెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకి వచ్చింది. నాలుగుసార్లు ఆడగానే ఆవిరి చాలక ఆగిపోయేది. కారణం వెతికితే, ఆవిరిని నీరుగా మార్చడానికి ప్రతిసారీ సిలిండర్‌లోకి చన్నీళ్లు చిమ్ముతున్నారు. దాంతో సిలిండరే చల్లబడుతోంది. తర్వాత వచ్చే ఆవిరిలో ఎక్కువ భాగం పని చేయడానికి కాక, చల్లబడ్డ సిలిండర్‌ని మళ్లీ కాచడానికే ఖర్చవుతోంది. గుప్తోష్ణాన్ని కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ అదే విశ్వవిద్యాలయంలో ఉండటంతో, కొద్దిపాటి ఆవిరిలో అంత వేడి ఎలా ఇమిడి ఉందో వాట్‌కి అర్థమైంది. 1765లో ఆయనకి దారి దొరికింది. సిలిండర్‌ని ఎప్పుడూ వేడిగానే ఉంచి, ఆవిరిని వేరే గదిలో చల్లబరచడమే ఆ దారి. 1769లో దానికి పేటెంటు వచ్చింది.

తర్వాత ఆయన భాగస్వామి బౌల్టన్‌తో కలిసి పెట్టిన కంపెనీ గని యజమానుల దగ్గర డబ్బు తీసుకున్న పద్ధతి ఇంకా గొప్పది. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో లెక్కకట్టి, ఆ మిగులులో మూడోవంతు తీసుకునేవారు. అందుకోసం యంత్రం ఎన్నిసార్లు ఆడిందో లెక్కపెట్టే పరికరాన్ని బిగించేవారు. ఈ కథలో మనం దాచుకోవలసినవి రెండున్నాయి. ఒకసారి కాచిన దాన్ని చల్లబరిచి మళ్లీ కాయొద్దు. మిగిలిందెంతో కొలవండి.

మొదటి అలవాటు: కాలువ వెంట నడవండి

బాయిలర్‌కి వెళ్లే నీరు 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనంలో ఒక శాతం మిగులుతుంది. ఇది నోటికి రావాలి. కాలువలో పోయే కండెన్సేట్‌ని వెనక్కి తెచ్చి కలిపితే ఫీడ్ ట్యాంకులో నీరు 30 డిగ్రీల నుంచి 84 డిగ్రీలకు వచ్చిందంటే 9 శాతం ఇంధనం మిగిలినట్టే. పది బొగ్గు లారీల్లో దాదాపు ఒక లారీ.

లాభం అక్కడితో ఆగదు. కండెన్సేట్ దాదాపు డిస్టిల్డ్ వాటర్‌తో సమానం. బాయిలర్‌లో ఉప్పులు పేరుకోకుండా మనం బ్లోడౌన్ చేస్తాం కదా. లెక్క చూడండి. ఫీడ్ వాటర్‌లో కరిగి ఉన్న ఉప్పుల కొలత, అంటే టీడీఎస్, 300, బాయిలర్‌లో ఉండనివ్వగల హద్దు 3,000 అనుకుందాం. 300ని 2,700తో భాగిస్తే, తయారయ్యే ఆవిరిలో 11 శాతమంత వేణ్నీటిని బ్లోడౌన్‌లో వదలాలి. 70 శాతం కండెన్సేట్ తిరిగొస్తే ఫీడ్ టీడీఎస్ 90కి పడిపోతుంది. అప్పుడు బ్లోడౌన్ 3 శాతం చాలు. సాఫ్ట్‌నర్‌కి ఉప్పు తగ్గుతుంది, బోరు నీళ్లు మిగులుతాయి, ట్యూబుల్లో పొలుసు కట్టడం తగ్గుతుంది.

ఇంత లాభం ఉంటే అందరూ కండెన్సేట్‌ని ఎందుకు వెనక్కి తేవడం లేదు? నేను విన్న కారణాలు మూడు. మూడూ నిజమైన ఇబ్బందులే, మూడింటికీ దారి ఉంది.

మొదటిది, ఫీడ్ పంపు. ట్యాంకులో నీరు బాగా వేడెక్కితే పంపు పీల్చేచోట ప్రెషర్ తగ్గి నీరు బుడగలుగా మారుతుంది. గులకరాళ్లు నమిలినట్టు శబ్దం వస్తుంది, ఇంపెల్లర్ మీద గుంటలు పడతాయి. దానికి భయపడి కండెన్సేట్‌ని కాలువకి మళ్లిస్తారు. చేయాల్సింది ట్యాంకుని పంపు కన్నా తగినంత ఎత్తున పెట్టడం, సక్షన్ పైపుని పొట్టిగా, లావుగా వేయడం. ఎంత ఎత్తు కావాలో పంపు తయారీదారుని అడిగితే నీటి ఉష్ణోగ్రతని బట్టి చెబుతాడు.

రెండోది, కల్తీ భయం. మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ జాకెట్‌కో కాయిల్‌కో చిల్లు పడితే ఆమ్లమో సాల్వెంటో కండెన్సేట్‌లో కలిసి బాయిలర్ దాకా రావచ్చు. ఈ భయం న్యాయమైనదే. అలాంటి లైనులో కండక్టివిటీ, పీహెచ్ కొలిచే మీటర్లు పెట్టి, తేడా రాగానే నీటిని దానంతటదే పక్కకి మళ్లించే వాల్వు బిగించాలి. సాల్వెంట్లలో కొన్ని ఈ మీటర్లకి దొరకవు కాబట్టి, ఆ జాకెట్ల నీటిని విడిగా పరీక్ష చేయించాకే కలపాలి. ఒక్క జాకెట్ మీద అనుమానంతో మొత్తం ప్లాంటు కండెన్సేట్‌ని పారబోయకండి.

మూడోది, దూరం. దూరపు షెడ్ల దగ్గర కండెన్సేట్‌ని గుంటలో చేర్చి, కరెంటు మోటారు లేకుండా ఆవిరి ప్రెషర్‌తోనే నెట్టే పంపులున్నాయి. పైపుకి, పంపుకి అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాయండి. పారబోస్తున్న వేడి విలువ పక్కనే రాయండి. నిర్ణయం ఆ కాగితమే చెబుతుంది.

మిర్యాలగూడలోనో గోదావరి జిల్లాల్లోనో బాయిల్డ్ రైస్ మిల్లు నడిపేవాళ్లకి ఇంకోమాట. ధాన్యాన్ని ఉడికించడానికి తొట్టిలోకి నేరుగా వదిలిన ఆవిరి తిరిగిరాదు. కానీ డ్రైయర్‌కి గాలిని వేడిచేసే కాయిల్స్‌లోని ఆవిరి ధాన్యాన్ని తాకదు. ఆ కండెన్సేట్ శుభ్రంగా ఉంటుంది. అది ఫీడ్ ట్యాంకుకి రావాలి. అక్కడ పట్టనంత మిగిలితే, ధాన్యం నానబెట్టే నీటిని కాయడానికి వాడుకోవచ్చు. ఊక మన మిల్లులోదే కదా, ఊరికే వస్తోందనుకోకండి. మిగిలిన ఊకని కొనేవాళ్లు గేటు బయటే ఉంటారు.

రెండో అలవాటు: ట్రాపు మాట వినండి

స్టీమ్ ట్రాపు గుమ్మం దగ్గర కాపలాదారులాంటిది. నీటిని, గాలిని బయటికి పోనివ్వాలి, ఆవిరిని ఆపాలి. అది రెండు రకాలుగా చెడుతుంది. తెరుచుకుని ఉండిపోతే ఆవిరి పని చేయకుండానే నేరుగా బయటికి పోతుంది. మూసుకుపోతే లోపల నీరు నిలిచి, జాకెట్ వేడెక్కదు.

నిర్వహణ లేకుండా మూడు నుంచి ఐదేళ్లు వదిలేసిన ప్లాంట్లలో 15 నుంచి 30 శాతం ట్రాపులు చెడిపోయి ఉండవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. క్రమంగా చూసుకునేచోట లీకయ్యేవి 5 శాతం లోపే ఉండాలని కూడా అంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా వారానికోసారి ఒక మనిషి చేసే నడకే.

ఏ ట్రాపు ఎలా మాట్లాడుతుందో తెలుసుకోండి. మెయిన్ లైను మీద ఉండే థర్మోడైనమిక్ ట్రాపు కాసేపు నీరు వదిలి, టక్కున మూసుకుంటుంది. ఆగకుండా టకటకమంటుంటే లోపలి డిస్క్ అరిగిపోయింది. ఇన్వర్టెడ్ బకెట్ ట్రాపు విడతలు విడతలుగా వదులుతుంది. హీట్ ఎక్స్ఛేంజర్లకి, జాకెట్లకి వాడే బాల్ ఫ్లోట్ ట్రాపు నీరు వచ్చేకొద్దీ ఆగకుండా వదులుతుంది, అది దాని స్వభావం. ట్రాపు ముట్టుకోలేనంత వేడిగా ఉండాల్సింది పోయి చల్లగా ఉంటే మూసుకుపోయిందని, లేదా ముందున్న స్ట్రైనర్ చెత్తతో నిండిందని అర్థం. అయితే చేత్తో ముట్టుకుని చూడొద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడండి. శబ్దం కోసం అల్ట్రాసోనిక్ పరికరం ఉంటే మంచిది. లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ట్రాపు మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినే పాత పద్ధతి ఉండనే ఉంది. మా పెద్దాయన నాకు నేర్పింది అదే.

ఒక తికమక తీర్చాలి. మంచి ట్రాపు వదిలే నీటి నుంచి కూడా పొగలు వస్తాయి. 7 కేజీల ప్రెషర్‌లోని కండెన్సేట్ బయటి గాలిలోకి రాగానే అందులో 13 శాతం మళ్లీ ఆవిరవుతుంది. దాన్ని ఫ్లాష్ స్టీమ్ అంటారు. అది నీటి తుంపరలతో కలిసి, మెత్తగా, మబ్బులా లేస్తుంది. ట్రాపు చెడి వచ్చే అసలు ఆవిరి గొట్టం మూతి దగ్గర కంటికి కనిపించదు. కాస్త దూరం పోయాకే తెల్లబడుతుంది, బుస్సుమని గట్టిగా కొడుతుంది. ఈ తేడా పట్టుకోవడం నాలుగు రోజుల్లో వస్తుంది.

ఇప్పుడు బైపాస్ సంగతి. ఒక రాత్రి మా ప్లాంటులో ఒక జాకెట్ వేడెక్కలేదు. ట్రాపు మూసుకుపోయింది. బ్యాచ్ ఆలస్యమవుతోందని ట్రాపు పక్కనున్న బైపాస్ వాల్వు కొంచెం తెరిచాం. "ఈ ఒక్కరాత్రికే" అన్నది నేనే. బ్యాచ్ సమయానికి దిగింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ వాల్వు నాలుగు నెలలు తెరిచే ఉంది. ఎవరి నిర్లక్ష్యమూ కాదు, పని నడుస్తోంది కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు. తాత్కాలికం అనుకున్న ప్రతిదానికీ ముగింపు తేదీ రాయకపోతే అదే శాశ్వతమవుతుంది. అప్పటినుంచి మేం ఒక నియమం పెట్టుకున్నాం. బైపాస్ తెరిచిన మనిషి దానికి ఎర్ర అట్టముక్క కట్టి, తేదీ, తన పేరు, మూయాల్సిన రోజు రాయాలి. ఆ అట్టముక్క మా ప్లాంటులో మిగిల్చినంత ఆవిరి ఏ ఖరీదైన పరికరమూ మిగల్చలేదు.

మూడో అలవాటు: బట్టలేని పైపుని చూసి ఊరుకోకండి

7 కేజీల లైనులో 3 మిల్లీమీటర్ల చిల్లు ఉంటే గంటకు 25 నుంచి 30 కిలోల ఆవిరి పోతుంది. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 200 టన్నులకు పైమాటే. కిలో బొగ్గుకి ఐదు కిలోల ఆవిరి చొప్పున 40 టన్నుల బొగ్గు. పెసరగింజంత చిల్లు అది.

లాగింగ్, అంటే వేడి పోకుండా చుట్టే తొడుగు, ఊడిన పైపు చప్పుడు కూడా చేయదు. 170 డిగ్రీల ఆవిరి పోయే నాలుగంగుళాల పైపు ఒక మీటరు మేర బోడిగా ఉంటే, గంటకు దాదాపు 850 కిలోకేలరీలు గాల్లో కలుస్తాయి. పది మీటర్లు అయితే గంటకు 17 కిలోల ఆవిరి. సరిగ్గా లాగింగ్ చేస్తే ఆ నష్టంలో పదింట తొమ్మిది వంతులు ఆగుతుంది. పైపుకి చేసి వాల్వులని వదిలేయడం మనకి అలవాటు. బోడి వాల్వు ఒకటి దాదాపు మీటరు బోడి పైపుతో సమానం. మరమ్మతుకి విప్పి మళ్లీ తొడగగలిగే ప్యాడ్లు వాటికోసమే ఉన్నాయి.

ఇక్కడ పొదుపుతోపాటు ప్రాణం సంగతి కూడా ఉంది. లైనులో ఆవిరి సెకనుకు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్ల బస్సు వేగంతో పోతుంది. పైపు అడుగున నీరు నిలిచి ఉంటే దాన్ని ముద్దగా లేపి వంపు దగ్గర సమ్మెటలా కొడుతుంది. అదే వాటర్ హ్యామర్. ఫ్లాంజీలు పగిలి మనుషులు పోయే ప్రమాదం అది. అందుకే లైను ఆవిరి పోయే దిక్కుకి వంద మీటర్లకు ఒక మీటరు వాలుగా ఉండాలి, 30 నుంచి 50 మీటర్లకొక నీటి జేబు, దానికొక ట్రాపు ఉండాలి. చల్లటి లైనులోకి ఆవిరి వదిలేటప్పుడు వాల్వుని మెల్లగా, ఓపిగ్గా తెరవండి. లీకు దగ్గర చెయ్యి పెట్టి వెతకొద్దు.

నాలుగో అలవాటు: ఉన్నచోటే ఇంకోసారి వాడండి

బాయిలర్‌ని దానికి నిర్ణయించిన ప్రెషర్ దగ్గరే నడపండి. బాగా తగ్గించి నడిపితే ఆవిరితోపాటు నీరు కూడా ఎగిరొస్తుంది. తగ్గించాల్సింది వాడేచోట. 3 కేజీల ఆవిరిలో గుప్తోష్ణం 510 కిలోకేలరీలు, 7 కేజీల దాంట్లో 490. పనికి 144 డిగ్రీలు సరిపోతే, 3 కేజీలకి దించి వాడితే కిలోకి ఇంకాస్త ఎక్కువ వేడి అందుతుంది.

కండెన్సేట్ ఎక్కువగా వచ్చే ప్లాంటులో ఫ్లాష్ వెసెల్ పెట్టండి. 7 కేజీల కండెన్సేట్‌ని అరకేజీ ప్రెషర్‌కి దించితే వంద కిలోలకి 11 కిలోల ఆవిరి పుడుతుంది. తక్కువ వేడి చాలే పనికి, కనీసం ఫీడ్ ట్యాంకు కాయడానికి అది పనికొస్తుంది.

ఐదో అలవాటు: రాసిపెట్టండి

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. పెద్ద పరిశ్రమలకు ఆడిట్ తప్పనిసరి. చిన్న మిల్లుని, చిన్న యూనిట్‌ని అడిగేవారు లేరు. కాబట్టి మిమ్మల్ని మీరే అడగాలి. ఒక ఫీడ్ వాటర్ మీటరు, ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి షిఫ్టులో నాలుగు అంకెలు రాయండి: ఎన్ని లీటర్ల నీరు బాయిలర్‌కి వెళ్లింది, ఎంత ఇంధనం పడింది, ఫీడ్ ట్యాంకు ఎన్ని డిగ్రీలుంది, కొత్తగా ఎంత సాఫ్ట్ వాటర్ కలిపారు. మొదటి రెండింటి నిష్పత్తి కిలో ఇంధనానికి ఎన్ని కిలోల ఆవిరి వస్తోందో సుమారుగా చెబుతుంది. అది పడిపోతే ఎక్కడో తలుపు తెరుచుకుందని అర్థం. నాలుగో అంకె పెరిగితే కండెన్సేట్ ఎక్కడో దారి తప్పింది.

ఆ పుస్తకం రాసేది బాయిలర్ దగ్గరుండే మనిషి. లీకు చెప్పడానికి వచ్చినవాణ్ని "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్" అని కసిరారో, ఇంకెప్పుడూ రాడు. "మంచిపని చేశావు, ఎప్పట్లోగా బాగుచేద్దాం?" అనండి. అతను రోజంతా వినే శబ్దాలు మన గదిలోకి వినపడవు.

ఈ వారం చేయాల్సిన పని

సోమవారం: పొద్దున్నే ప్లాంటు వెనక కాలువలన్నీ చూడండి. వేడిగా పారే ప్రతి కాలువ ఎక్కణ్నుంచి వస్తోందో రాయండి.

మంగళవారం: ఫీడ్ ట్యాంకులో థర్మామీటరు పెట్టండి. 80 కన్నా ఎంత తక్కువుందో చూసి, ఆరుతో భాగించండి. మీరు పోగొట్టుకుంటున్న ఇంధన శాతం అదే.

బుధవారం: ట్రాపులన్నింటికీ నంబర్లు వేయండి. ఎన్ని ఉన్నాయో కూడా తెలియని ప్లాంట్లు చాలా ఉన్నాయి.

గురువారం: ఒక్కొక్కటీ వినండి. బాగుంది, కారుతోంది, చల్లగా ఉంది అని మూడు వరుసల్లో రాయండి.

శుక్రవారం: తెరిచి ఉన్న బైపాస్‌లన్నింటికీ అట్టముక్క కట్టండి.

శనివారం: బోడి పైపుల మీటర్లు, బోడి వాల్వులు లెక్కపెట్టండి.

ఆదివారం: మొత్తం కాగితం యజమాని ముందు పెట్టండి. ఏది తక్కువ ఖర్చుతో, ముందుగా అవుతుందో అది మొదలుపెట్టండి.

మా ప్లాంటులో కండెన్సేట్ లైను వేయడానికి కొన్ని నెలలు పట్టింది. ట్యాంకుని ఎత్తు మీదికి చేర్చాం, పంపు మార్చాం. ఒక డిసెంబరు పొద్దున కాలువ ఎండిపోయి కనిపించింది. నాకు చాలా ఆనందమేసింది. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు మాత్రం బకెట్లు పట్టుకుని దాని పక్కన నిలబడి ఉన్నారు. ఆ సంగతి నేను ఆలోచించలేదు. పెద్దాయనే చెప్పాడు: "బాబూ, వీళ్లకి కావలసింది కాసిని వేణ్నీళ్లే. కాలవంతా అక్కర్లేదు."

ఆ వారంలోనే కండెన్సేట్ ట్యాంకులో ఒక చిన్న కాయిల్ దించి, దాంట్లోంచి మంచినీళ్లు పోయేలా చేసి, చివర ఒక కుళాయి పెట్టాం. కావలసినప్పుడు తిప్పుకుంటారు, అయిపోగానే కట్టేస్తారు.